గాదంకి యంత్రానికి అంగాల ఎంపిక

చంద్రగిరి కోటలోని రాజమహలును చూచి వచ్చినవారు దాని కమానులను, శిఖరాలను మెచ్చుకొంటారు. ఒక విశేషం మాత్రం పలువురి దృష్టికి రాదు. ఆ మూడంతస్తుల కట్టడంలో కలప లేదు. రాయి, ఇటుక, సున్నం - ఈ మూడింటితోనే పని ముగించినారు. శేషాచలం అడవి చేరువలోనే ఉన్నా, విజయనగర కాలపు స్థపతులు దూలానికి, దంతెకు కొయ్యను వాడలేదు. కారణం ఏదైనా, ఫలితం మన కన్నుల యెదుట ఉన్నది: చెదలు తినవలసినదీ, నిప్పు కాల్చవలసినదీ అందులో ఏమీ లేదు. ఏ వస్తువుతో కట్టవలెనన్న ప్రశ్నకు ఆనాడు చెప్పిన జవాబు ఇన్ని శతాబ్దాలు ఆ గోడలను నిలిపినది.

అదే సీమలో, చంద్రగిరి దాటి చిత్తూరు దారిని పోతే, కొండల నడుమ గాదంకి అనే పల్లె వస్తుంది. అక్కడ మరొక నిర్మాణం ఉన్నది. దానికి గోడలు లేవు, కప్పు లేదు. నేలమీద వరుసలు తీర్చి పాతిన లోహపు ఏరియళ్ల తోట అది. అది ఆకాశాన్ని గమనించే రాడారు. దానికి ఎం.ఎస్.టి. రాడారు అని పేరు. భూమిని అంటిపెట్టుకొని ఉన్న ట్రోపోస్ఫియరు, దానిమీది స్ట్రాటోస్ఫియరు, ఇంకా మీది మెసోస్ఫియరు - ఈ మూడు వాయుమండలాల తొలి అక్షరాలను కిందినుండి కాక పైనుండి చదివితే ఆ పేరు ఏర్పడుతుంది. ఈ రాడారు విమానాల కోసం వెదకదు. దానికి గాలియే గమ్యం. ఈ యంత్రానికి ఏ అంగాలను ఎంచుకొన్నారు, ఎందుకు ఎంచుకొన్నారు, తరువాత వాటిని ఎందుకు మార్చవలసి వచ్చినది - ఈ చరిత్ర చెప్పుకోదగినది. రేడియో పెట్టె ఉన్న ప్రతి యింటివారికి ఇది కొంత పరిచితమైన కథ కూడా. ఏరియలు, వాల్వు, ట్రాన్సిస్టరు అన్నవి వారెరిగిన మాటలే గదా.

గాలి కంటికి కనబడదు. రేడియో తరంగానికి మాత్రం కొంచెం కనబడుతుంది. వేడిగాలి, చల్లగాలి, తడిగాలి, పొడిగాలి ఒకదానిలో ఒకటి సుడులు తిరిగి కలిసేచోట తరంగం నడిచే తీరు రవంత మారుతుంది. ఆ మార్పు వలన తరంగంలో అత్యల్పమైన అంశం వెనుకకు మరలుతుంది. దక్షిణ అమెరికాలో, పెరూ రాజధాని లిమా నగరానికి సమీపాన హికమార్కా అనేచోట 1960 దశాబ్దం ఆరంభంలో ఒక మహా రాడారును నిర్మించినారు. 18,432 డైపోలు ఏరియళ్లు, ఇంచుమించు మూడువందల మీటర్ల చదరం. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర అయనోస్ఫియరును పరిశీలించడానికి దానిని ఉద్దేశించినారు. 1974లో వుడ్‌మన్, గిలెన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అదే యంత్రంతో స్ట్రాటోస్ఫియరులోను, మెసోస్ఫియరులోను గాలుల వేగాన్ని కొలువవచ్చునని చూపించినారు. బెలూను వెళ్లగలిగినది ఉజ్జాయింపుగా ముప్పది కిలోమీటర్లు. రాకెట్టు అంతకు మించి పోగలదు, కాని అది కొన్ని నిముషాల ముచ్చట. రాడారు అయితే రాత్రింబవళ్లు, నిముషం నిముషానికి, ఒకేచోట నిలిచి చూస్తుంది. దీనితో లోకంలో పలు దేశాలు ఇటువంటి యంత్రాలకు పూనుకొన్నవి.

మనకు ఈ చూపు మరింత అవసరం. ఋతుపవనాల దేశం మనది. ఉష్ణమండలంలో నేలమీది తేమ, వేడిమి మేఘస్తంభాలతో పైకెక్కి వాయుమండలపు పై అంతస్తులకు ఎట్లు చేరుతున్నవో తెలియక, వానల లెక్క పూర్తి కాదు. 1982లో మొదలైన భారత మధ్యవాయుమండల కార్యక్రమంలో ఈ విషయాన్ని శాస్త్రజ్ఞులు గట్టిగా పట్టుకొన్నారు. పెద్ద రాడారును ఒక్క సంస్థ కట్టలేదు. అంతరిక్ష శాఖ, ఎలక్ట్రానిక్స్ శాఖ, శాస్త్ర సాంకేతిక శాఖ, పర్యావరణ శాఖ, రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థ, శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి - ఇన్నిటి సొమ్ము ఇందులో కలిసినది. అంతరిక్ష శాఖ పెత్తనం వహించినది. ఉమ్మడి కుటుంబంలో వలె, ఉమ్మడి యంత్రంలోను ప్రతి అంగానికి సంజాయిషీ చెప్పవలె. ఒకరి సరదా కోసం ఒక భాగాన్ని కొనడానికి వీలుండదు.

రూపకల్పన, నిర్మాణభారం బొంబాయిలోని సమీర్ అనే సంస్థకు అప్పగించినారు. సూక్ష్మతరంగ ఎలక్ట్రానిక్స్‌లో పరిశోధన చేయడానికి ఎలక్ట్రానిక్స్ శాఖ క్రింద ఏర్పడిన సంస్థ అది. యంత్రాన్ని విదేశంనుండి పెట్టెలలో తెప్పించి బిగించుకోవడం కాక, ఇక్కడనే కట్టుకోవడం ఆనాటి నిర్ణయం. తరువాతి ఎంపికలు అన్నింటికి మూలం ఈ నిర్ణయమే. మన కర్మాగారాలు ఏది చేయగలవు, ఏది చెడితే మనమే బాగుచేసుకోగలము అన్న ప్రశ్నలు ధర కంటెను ముందుకు వచ్చినవి.

మొదటి ఎంపిక స్థలం. యంత్రం ఎంత మంచిదైనా, చుట్టూ రొద ఉంటే దానికి వినబడదు. మోటారు బండ్ల నిప్పురవ్వలు, కర్మాగారాలు, కరెంటు తీగలు, ఇతరుల ప్రసారాలు - ఇవన్నీ రేడియో చెవికి రొదయే. మీ యింటి రేడియోలో మిక్సీ తిరిగినప్పుడు వచ్చే గరగర ఎటువంటిదో తెలుసును గదా. ఇక్కడ వినవలసిన ప్రతిధ్వని ఆ గరగరలో లక్షవంతు కూడా ఉండదు. గాదంకి చుట్టూ ఉన్న కొండలు ఆ రొదకు ప్రాకారాలైనవి. సముద్రమట్టానికి సుమారు 375 మీటర్ల ఎత్తు, ఉత్తర అక్షాంశం పదమూడున్నర డిగ్రీలు - మనకు కావలసిన ఉష్ణమండల ఆకాశం నడినెత్తిన ఉన్నది. తిరుపతిలో 1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం దగ్గరలోనే ఉన్నది. తూర్పున సముద్రపుటొడ్డున శ్రీహరికోట ఉన్నది. రాకెట్టు పైకి లేచేముందు పై గాలులు ఎట్లున్నవో తెలియడం దానికి ప్రాణావసరం.

తరువాతది తరంగం. 53 మెగాహెర్ట్జులు - పాతకాలపు రేడియోవారి లెక్కలో మెగాసైకిళ్లు - అని నిర్ణయించినారు. ఆ తరంగం పొడవు 5.66 మీటర్లు. రాడారు తన తరంగంలో సగం పరిమాణం గల సుడులను, అనగా దాదాపు 2.8 మీటర్లవాటిని, చూడగలదు. ఎత్తుకు పోయినకొలది గాలి పలుచనై చిన్న చిన్న సుడులు తొందరగా అణగిపోతవి. అందువలన పొట్టి తరంగాలకు అక్కడ చూడదగినది మిగులదు. మరీ పొడుగు తరంగాన్ని తీసుకొంటే ఏరియళ్లు మహాకాయములై పోతవి, అయనోస్ఫియరు చేష్టలు కూడా అడ్డం వస్తవి. యాభై మెగాహెర్ట్జుల ప్రాంతం ఈ రెంటికి నడుమ రాజీమార్గం.

ఈ తరంగాన్ని ఎంచుకోవడంతో మరొక ఖర్చు కూడా తప్పినది. యాభై మెగాహెర్ట్జుల దగ్గర పాలవెల్లి నుండి వచ్చే సహజమైన రేడియో ఘోష చాల బలమైనది. రిసీవరు తొలి అంచెలో ఎంత ఖరీదైన, ఎంత నిశ్శబ్దమైన యాంప్లిఫయరును పెట్టినా ఆ ఘోషను తగ్గించలేదు. కాబట్టి అక్కడ మేలురకం చాలును. మేలులో మేలుకు డబ్బు పోయడం వృథా. యంత్రాలను ఎంచేవారిలో ఈ వివేకం అంత సాధారణం కాదు. ప్రతి భాగాన్నీ శ్రేష్ఠమైనదే కొనవలెనన్న ఆశ చివరకు దేనికీ డబ్బు చాలని స్థితికి తెస్తుంది.

ఇక ఏరియళ్లు. 1926లో జపానులో, తోహోకు విశ్వవిద్యాలయంలో యాగి, ఉడా అను ఇరువురు ఒక సులభమైన ఏరియలును కనుగొన్నారు. ఒక కడ్డీకి విద్యుత్తు ఇస్తారు. వెనుక ఒకటి, ముందు ఒకటి ఊరక నిలిపిన కడ్డీలు శక్తిని ఒకే దిశకు తోస్తవి. దూరదర్శన్ వచ్చిన కొత్తలో మన డాబాలమీద చేపముల్లులా నిలిచినవి ఈ జాతివే. ఇంత సామాన్యమైన వస్తువునే గాదంకిలో ఎన్నుకొన్నారు: మూడు కడ్డీల యాగి ఏరియలు. వరుసకు ముప్పదిరెండు, ముప్పదిరెండు వరుసలు. మొత్తం 1,024 స్థానాలు. ప్రతి స్థానంలో ఒకదానికొకటి అడ్డంగా రెండేసి. కడ్డీలు లెక్కపెడితే 6,144 తేలుతవి. రెండు ఏరియళ్ల మధ్య ఎడం తరంగంలో పదింట ఏడువంతులు, అనగా ఇంచుమించు నాలుగు మీటర్లు. మొత్తం 130 మీటర్ల చదరపు నేల.

అంత పెద్ద లోహపు దొన్నెను కట్టి ఆకాశంవైపు తిప్పడం కంటె, కదలని చిన్న ఏరియళ్లు వేయి నిలపడం మేలు. ఒక కడ్డీ వంగినా, ఒక ముడి తుప్పుపట్టినా, పనివాడు నిచ్చెన వేసుకొని బాగుచేయగలడు. గాలివానకు ఎదురు నిలిచే పెద్ద పళ్లెం లేదు, దానిని తిప్పే మోటార్లు లేవు. తిప్పడం అంతా విద్యుత్తుతోనే. వరుస వరుసకు తరంగాన్ని రవంత వెనుకా ముందూ చేస్తే, మూడు డిగ్రీల సన్నని కిరణం నడినెత్తినుండి ఇరువది డిగ్రీల వరకు వాలుతుంది. అయితే ఒక్కొక్క వరుసకు ఒకే విద్యుత్తు అందేటట్లు కట్టినందున ఆ వాలుదల తూర్పు పడమరలకు, ఉత్తర దక్షిణాలకు మాత్రమే. ఆ రెండు దిశలకోసమే ప్రతి స్థానంలోను జంట ఏరియళ్లు అవసరమైనవి. మూలలకు చూడడం దానికి రాదు. గాలి వేగాన్ని, దిశను తేల్చడానికి అంతకంటె అక్కరలేదని అనుకొన్నారు. ఆనాటికి అది సరియే.

కాని అసలు చిక్కు ట్రాన్స్‌మిటరు. గాలినుండి మరలివచ్చే అంశం అత్యల్పం కాబట్టి, పంపేది మిక్కిలి బలంగా ఉండవలె. మెసోస్ఫియరును చూడడానికి 25 లక్షల వాట్ల శిఖరశక్తి కావలెనని లెక్క తేలినది. అది నిరంతరం కాదు. సెకనులో పదిలక్షలవంతుగా కొలిచే చిన్న చిన్న విసురులలో మాత్రమే. ఈ శక్తిని ఎక్కడ పుట్టించవలె? మూడు దారులు ఉండినవి. ఒక్క మహా ట్రాన్స్‌మిటరును కట్టి దానినుండి అన్ని ఏరియళ్లకు పంచడం ఒకటి. ఏరియలుకొక చిన్న ట్రాన్సిస్టరు ట్రాన్స్‌మిటరును పెట్టడం రెండవది. నడుమ దారి మూడవది.

జపానువారు రెండవ దారిని పోయినారు. క్యోటో విశ్వవిద్యాలయంవారు 1984లో షిగరాకిలో పూర్తిచేసిన ఎం.యు. రాడారులో 475 ఏరియళ్లు. ఒక్కొక్కదానికి ఒక ఘనస్థితి ట్రాన్స్‌మిటరు. కిరణాన్ని ఎటు కావలిస్తే అటు, కన్ను మూసి తెరిచే లోపల తిప్పవచ్చును. అది అందమైన దారి. కాని అధికశక్తి ట్రాన్సిస్టర్లను వేలకొలది తమ గడపలోనే తయారుచేసుకొనే దేశం వేసిన అడుగు అది. మనం నడుమ దారిని ఎంచుకొన్నాము. ముప్పదిరెండు ట్రాన్స్‌మిటర్లు, ఒక్కొక్కటి ముప్పదిరెండు ఏరియళ్ల వరుసను పోషిస్తుంది. పై అంచెలలో ట్రయోడు వాల్వులు.

వాల్వు అనగానే నవ్వేవారు ఉండవచ్చును. 1980 దశాబ్దంలో, ట్రాన్సిస్టరు రేడియో పొలంలోని కాపు చేతిలో ఆడుతున్న రోజులలో, కొత్త యంత్రానికి వాల్వులా అని. ప్రసారవృత్తిలో ఉన్నవారికి మాత్రం ఈ ఎంపికలో వింత కనబడదు. అధికశక్తి ట్రాన్స్‌మిటర్లలో వాల్వును మన ఇంజనీర్లు తరతరాలుగా ఎరుగుదురు. అది పెట్టే పేచీలన్నీ తెలుసును. పొరబాటున ఎక్కువ విద్యుత్తు తగిలితే ట్రాన్సిస్టరు క్షణంలో చస్తుంది; వాల్వు అలిగి, తట్టుకొని, మరల పనిచేస్తుంది. పిడుగులు పడే వేసవి సాయంకాలాలలో, కరెంటు ఎగిసిపడే పల్లె తీగల చివర ఇది స్వల్పవిషయం కాదు. దానికి వెలగా లేకపోలేదు. తంతువు కాగవలె, వేలకొలది వోల్టులు కావలె, గాలి వీచి చల్లార్చవలె, కొంతకాలానికి వాల్వును మార్చవలె. తెలిసిన కష్టాన్ని కోరి తెచ్చుకొన్నారు. తెలియని కష్టాన్ని దూరం పెట్టినారు. నా అభిప్రాయంలో ఆ కాలానికి అదే సరియైన నిర్ణయం.

ముప్పదిరెండింటినీ ఒకే శక్తితో చేయలేదు. క్షేత్రం నడుమనున్న వరుసలకు 120 కిలోవాట్లు. అంచులవైపు పోయినకొలది తగ్గుతూ చివరకు 20 కిలోవాట్లు. ఇట్లు దించడంవలన కిరణం పక్కలకు చిందడం తగ్గుతుంది. పక్కలకు చిందిన శక్తి కొండలను తాకి మరలివచ్చి గాలి మాటను మింగివేయగలదు. ఈ అమరికలో మరొక లాభం కూడా ఉన్నది. ఒక్క మహా ట్రాన్స్‌మిటరు అయితే అది ఆగినరోజు చూపే లేదు. ముప్పదిరెండులో నడిమిది ఒకటి ఆగితే పోయేది మొత్తంలో నూటికి ఐదుపాళ్లకు లోపు. అంచుది ఆగితే పోయేది ఒక పాలుకంటె తక్కువ. కిరణం ఆకృతి కొంచెం చెడుతుంది, కాని పరిశీలన సాగుతుంది.

ఇందులో ఎవరి కంటికీ ఆనని అంగం ఒకటి ఉన్నది: గడియారం. సెకనుకు పదిమీటర్ల వేగంతో కిరణం దిశగా కదిలే గాలి, తరంగపు ఆవృత్తిని ఎంత మార్చునో లెక్కవేస్తే మూడున్నర హెర్ట్జులు తేలుతుంది. ఐదుకోట్ల ముప్పది లక్షలలో మూడున్నర! నిట్టనిలువుగా మెల్లగా లేచే గాలి అయితే మార్పు ఇంకా అల్పం. పంపిన తరంగానికి, వచ్చిన తరంగానికి తాళం వేసే ఆసిలేటరు తానే తడబడితే, గాలి కదలకపోయినా కదిలినట్లు కనబడుతుంది. అందుచేత యంత్రమంతటికీ ఒకే స్థిరమైన ఆసిలేటరు, దానినుండియే అన్ని ఆవృత్తులు. 25 లక్షల వాట్ల హంగామా అంతా చిన్న పెట్టెలో నిశ్శబ్దంగా కంపించే ఈ ఆసిలేటరు మాటకు కట్టుబడి ఉండవలసినదే.

ఇక కంప్యూటరు కథ. రాడారు కిరణాన్ని ఎప్పుడు ఎటు తిప్పవలె, ఎంత విసురు పంపవలె, ఎన్నిసార్లు పంపవలె అన్న ఆజ్ఞలన్నీ ఒక పత్రంగా వ్రాసి ఇస్తే, నియంత్రకం దానిని చదివి నడిపిస్తుంది. గాదంకిలో ఈ నియంత్రకం పి.సి./ఏ.టి. తరగతి కంప్యూటరు. అమెరికాలో 1984లో వెలువడిన ఆ తరగతి తొలి యంత్రానికి హార్డుడిస్కు 20 మెగాబైట్లు. ఈనాడు ఒక్క ఫోటోకు కూడా అది చాలీచాలనిది. ఒక ఉదాహరణ చూతము. నూటయాభై ఎత్తులు, ఎత్తుకు 512 కొలతలు, కొలతకు ఎనిమిది బైట్లు అనుకొంటే ఒక్క దిశకు ఆరులక్షల బైట్లు దాటుతవి. ఆరు దిశలకు దాదాపు 37 లక్షలు. ఆకాశాన్ని ఐదారుసార్లు చుట్టి చూచేసరికి ఆ డిస్కు నిండిపోవలె! అందుకే వచ్చినదాన్ని వచ్చినట్లు దాచక, కొన్ని ప్రతిధ్వనులను ముందే కూడి, ఘోషను తగ్గించి, సారాన్ని మాత్రమే నిలుపుకొనే ఏర్పాటును ప్రత్యేక పరికరాలతో చేయవలసి వచ్చినది. యంత్రభాగం తక్కువైనచోట గణితం ఆ కొరతను పూడ్చినది.

ఆ దశకంలో కంప్యూటరు భాగాలను ఎంచుకోవడం అంగడికి పోయి తెచ్చుకొనే పని కాదు. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. 1969లో టి.డి.సి.-12, 1970 దశకపు నడుమ టి.డి.సి.-312, 316 అను కంప్యూటర్లను దేశానికి ఇచ్చినది. అయినా లోకం వేగంగా ముందుకు పోతూ ఉండినది. 1984 నవంబరులో ప్రకటించిన కంప్యూటరు విధానంతో దిగుమతులమీద సంకెలలు కొంత సడలినవి. అమ్మేవారి అనుమతి వేరొక ప్రశ్న. వాతావరణ సూచనకోసం మనం అమెరికానుండి కోరిన క్రే సూపర్‌కంప్యూటరులో రెండు ప్రాసెసర్లది ఇవ్వక, ఒక ప్రాసెసరుది మాత్రమే ఇచ్చినారు. అది 1988లో ఢిల్లీకి వచ్చినది. ఆ ఏడాదియే పూనాలో సి-డాక్ ఏర్పడి, 1991లో పరమ్ 8000ను తయారుచేసినది. ఇటువంటి గాలి వీచుతున్న వేళ, పల్లెలో నిలిచే యంత్రానికి ఎవరైనా విడిభాగం ఇవ్వగల సామాన్య కంప్యూటరును నియంత్రకంగా పెట్టడం దూరదృష్టియే.

గాదంకిలో మొదట దిగువ మండలాలను చూచే దశ సిద్ధమైనది. పూర్తి శక్తితో, పూర్తి ఏరియళ్లతో 1993 నాటికి పనిలో ప్రవేశించినది. రావు, జైన్, కిశోర్, బాలమురళీధర్, దామ్లే, విశ్వనాథన్ - ఈ ఆరుగురి పేరున 1995లో రేడియో సైన్స్ అనే పత్రికలో దీని నిర్మాణవివరాలు అచ్చయినవి. అప్పటికి జాతీయ ఎం.ఎస్.టి. రాడారు సదుపాయం అన్న పేరుండినది. 2005లో జాతీయ వాయుమండల పరిశోధనా ప్రయోగశాల అయినది. రాడారుకు ఒక లోపం పుట్టుకతో ఉన్నది. ముప్పది కిలోమీటర్లకు పైన, అరువదికి క్రింద దానికి ప్రతిధ్వని రాదు. 1998లో జపాను సహకారంతో అక్కడనే నిలిపిన లైడారు, లేజరు వెలుగుతో ఆ వెలితిని పూరించినది. నేలకు దగ్గరి గాలికి చిన్న రాడారు, వానచినుకుల పరిమాణానికి మరొక పరికరం - ఒక్కొక్కటే వచ్చి చేరినవి. ఒకే ఆవరణ, ఒకే కరెంటు, ఒకే కాపలా, ఒకే ఆకాశం. ఏ పరికరానికి ఆ పరికరం వేరు ఊళ్లలో ఉంటే వాటి లెక్కలను సరిపోల్చలేము. ఒక్కచోట ఉండడమే వాటి విలువ.

ఇటువంటి ఏర్పాటు నేడు మరొక రంగంలో సర్వసామాన్యమైనది. మీరు ఫోనులో వార్త చదివినా, ఈ మాటలనే వెబ్‌లో విన్నా, ఎక్కడో ఒక సర్వరు దానిని పంపుతున్నది. పెద్ద సంస్థలు తమ భవనాలలోనే వాటిని ఉంచుకొంటవి. చిన్న సంస్థలు తమ సొంత సర్వరును ఇతరుల డేటా సెంటరులో అద్దెకు నిలుపుతవి. కరెంటు, చల్లదనం, ఇంటర్‌నెట్టు తీగ ఇంటివారివి, యంత్రం అద్దెకున్నవారిది. అది నగరానికి అవతల, ఇంకొకరి తాళం క్రింద ఉంటుంది. అర్ధరాత్రి చెడితే స్క్రూడ్రైవరు పట్టుకొని పరుగెత్తడానికి లేదు. ఆ యంత్రానికి అంగాలను ఎంచేవానికి గాదంకి ఇంజనీర్ల ప్రశ్నలే ఎదురవుతవి.

అద్దె జాగా చొప్పున ఉంటుంది. పందొమ్మిది అంగుళాల చట్రంలో ఒక్కొక్క అర ఎత్తు ఒకటిముప్పాతిక అంగుళం. ఆ సన్నని పెట్టెలో వేడి పుట్టించే ప్రాసెసరును ఎంచితే పంఖాలు హోరెత్తుతవి, కరెంటు బిల్లు పెరుగుతుంది. వెబ్ పుటలను పంపడానికి అతివేగమైన ప్రాసెసరు తరచుగా అక్కరలేదు. చాలినంత మెమరీ, నమ్మదగిన డిస్కు కావలె. పాలవెల్లి ఘోష ముందు ఖరీదైన యాంప్లిఫయరు ఎటువంటిదో, సన్నని తీగ ముందు మహా ప్రాసెసరు అటువంటిది. ఒక అక్షరం తప్పితే తానే దిద్దుకొనే మెమరీకి కొంచెం ఎక్కువ ధర ఇవ్వవలె. అది గడియారం వంటిది, తడబడితే తక్కినదంతా అబద్ధమవుతుంది. డిస్కులు జంటగా పెట్టి రెండింటిలోను ఒకే మాట వ్రాయిస్తారు. ఒకటి పోయినా రెండవది నడిపిస్తుంది. కరెంటు పెట్టెలు రెండు. తెర, మీటలు లేకున్నా దూరంనుండి ఆపి, మరల మొదలుపెట్టే చిన్న నియంత్రకం ఒకటి. ఈ చివరిదానిని అనవసర వ్యయమని కొట్టివేసినవారు మొదటిసారి యంత్రం మొరాయించిన రాత్రి, ప్రయాణపు బండి కోసం రోడ్డుమీద నిలబడతారు.

మళ్లీ గాదంకికి వత్తము. ఇరువది ఏండ్లు గడిచేసరికి పాత ఎంపికకు కాలం చెల్లసాగినది. లోపం ఇంజనీర్లది కాదు. లోకం వాల్వులను మానివేస్తూ వచ్చినది. కొనేవారు తగ్గితే చేసేవారు తగ్గుతారు. చేసేవారు తగ్గితే విడిభాగం కోసం వెదుకులాట. మంచి యంత్రం ఆగిపోయేది తన దోషంవలననే కాదు, తన జాతి అంగడిలో కరవగుట వలన కూడా. ఈలోగా 1980లలో మనకు అందని అధికశక్తి ట్రాన్సిస్టర్లు చౌకగా, గట్టిగా వచ్చినవి. జపానువారు ముందే పోయిన దారిలోకి మనం మన సమయంలో వచ్చినాము.

కొత్త అమరికలో ముప్పదిరెండు పెద్ద ట్రాన్స్‌మిటర్లు లేవు. 1,024 ఏరియలు స్థానాలకు 1,024 చిన్న ఘనస్థితి పెట్టెలు. ఒక్కొక్కటి ఒక కిలోవాటు శక్తిగలది. అది తానే పంపుతుంది, తానే వింటుంది. శక్తి ఏరియలు మొదట్లోనే పుట్టడంవలన పొడవాటి తీగలలో వృథా అయ్యేది మిగులుతుంది. మొత్తం శిఖరశక్తి పాతదానికంటె తక్కువైనా, ఆ మిగులు కొంత పూడుస్తుంది. ఏ పెట్టెకు ఆ పెట్టె తన తరంగాన్ని వెనుకా ముందూ చేసుకోగలదు గనుక, కిరణం ఇప్పుడు మూలలకు కూడా తిరుగుతుంది. ఒక పెట్టె ఆగితే పోయేది వేయింట ఒకటి. పరిశీలకునికి అది తెలియనైనా తెలియదు.

అయితే వేయి పెట్టెల వలన కొత్త పని పుట్టినది. ఒక్కొక్కటి తరంగాన్ని ఎంత ముందుగా, ఎంత వెనుకగా పంపుతున్నదో కొలిచి, అన్నిటినీ ఒకే తాళానికి తేవలె. ముప్పదిరెండింటిని సవరించడం ఒక యెత్తు, వేయింటిని సవరించడం వేరొక యెత్తు. ఆ పనిని కంప్యూటరుకే అప్పగించవలసి వచ్చినది. పాత నియంత్రకం ఆ భారాన్ని మోయలేదు.

ఈ నవీకృత రాడారు వివరాలు 2020లో శాస్త్రపత్రికలో వెలువడినవి. దానికి వారు పెట్టుకొన్న ఆంగ్లనామపు పొడి అక్షరాలు చూచి మా వృత్తివారికి నవ్వు వచ్చినది: ఎ, ఐ, ఆర్. ఎన్నో దశాబ్దాలు మన ప్రసారసంస్థను లోకం పిలిచిన మూడక్షరాలే అవి. ఒకటి మాటలను గాలిలోకి పంపి ఊరుకొంటుంది; రెండవది పంపి, గాలి ఏమన్నదో వినడానికి చెవి యొగ్గుతుంది. ఇరువది కిలోమీటర్ల ఎత్తునుండి ఆ జవాబు రావడానికి పట్టే కాలం సెకనులో పదివేలవంతు కంటె కొంచెమే ఎక్కువ. ఏరియళ్లు మాత్రం పాతచోటనే, పాత ఎడంతో, పాత వరుసలలోనే ఉన్నవి. వాటిని మార్చవలసిన అవసరం రాలేదు.